నా నుంచి నాకు

నెలాఖరుకి మెయిలు మూసేస్తున్నామని
టెలిఫోను కంపెనీవాళ్ళు ఉత్తరం రాశారు, కాగితం మీద.
పందొమ్మిదేళ్ళు కాపురమున్న చోటు ఖాళీ చెయ్యమని
తపాలా బిళ్ళ అంటించి మరీ.

దేశమంతా ఫోను డబ్బాలు ఎర్రగా ఉంటే
మా హల్ ఊళ్ళో మీగడ రంగువి.
ఇక్కడివాళ్ళకి అదో గొప్ప.
ఆ గొప్పలో నాకూ ఒక పెట్టె ఉండేది.

లైబ్రరీలో కీరన్ అనే కుర్రాడు, గోళ్ళకి నల్లరంగు,
"ఊరికే ఇస్తారు, ఇంకో ఖాతా తెరవండి,
ఉన్నవన్నీ అక్కడికి పంపేసుకోండి" అన్నాడు.
ఊరికే ఇచ్చేవాడి రెండో చెయ్యి
ఎక్కడుందా అని చూసే రకం నేను.
అయినా సరేనన్నాను.

హైమావతి కావాలన్నాను. ఎవరో తీసేసుకున్నారట.
మధ్యలో చుక్క పెట్టి అడిగాను. అదీ పోయిందట.
ఇంతమంది హైమావతులుండి
ఒక్కతీ నాకు ఎదురుపడలేదు!
చివరికి తోటలో నా మడి నంబరు తగిలించుకుని
హైమావతి నలభై ఒకటినయ్యాను.

ఒక్కోటీ తీసి నాకే పంపుకున్నాను,
ఈ కిటికీలోంచి విసిరి ఆ కిటికీలో పట్టుకుంటూ.
బాయిలరు రిపేరు రసీదు. పళ్ళ డాక్టరు.
రద్దయిన రైలు టిక్కెట్టు. సగం ధరకి చెప్పులు.
ఇల్లు మారేటప్పుడు
గిన్నె లేని మూతలు కూడా సర్దుతాం కదా.

మోరీన్‌వి నూట పన్నెండు.
పక్క మడి మనిషి. కంచె అవతల దగ్గితే వినపడేది,
అయినా ఇంటికెళ్ళి మెయిలు రాసేది.
"నీ ఆకుకి మళ్ళీ నత్తలు పట్టాయి,
గిన్నెలో బీరు పోసి పెట్టాను."
నా ఆకంటే చుక్కకూర.
ఒకసారి తప్పు పలికి సిగ్గుపడింది,
ఇక ఆ పేరెత్తలేదు.

"రాత్రికి మంచు పడుతుంది, కుండీలు లోపల పెట్టుకో."
ఏ ఏటి మంచో!
కొత్త పెట్టెలో అన్నిటికీ ఇవాళ్టి తేదీయే, గురువారం.
జూన్ నెలలో లేచి వెళ్ళి
కిటికీ తెర తీసి చూశాను.

నలభై మూడింటిని కొత్త పెట్టె చెత్తలో వేసింది.
ఇవి అనుమానంగా ఉన్నాయి,
పంపినవారు మీకు తెలుసా, అని అడిగింది.
పంపింది నేనే.
మౌసు మీద చెయ్యి పెట్టుకుని కాసేపు కూర్చుని
తెలుసు అని నొక్కాను.

ఒకటి మిగిలింది.
"శనివారం వస్తావా? కుర్చీ బయట వేసి ఉంచుతాను."
దానికి నేను జవాబివ్వలేదు.
ఆసుపత్రిలో డ్యూటీయో, జ్వరమో,
కారణం కూడా గుర్తులేదు, అదీ నా సిగ్గు.
మూడు వారాలకి ఆమె గేటు తాళం
కమిటీవాళ్ళు తీసుకున్నారు.
ఇప్పుడా మడిలో ఎవరో గుమ్మడి వేశారు.
బాగానే కాస్తోంది.

పదకొండున్నరకి, కొత్త పెట్టెలోనే,
జవాబు అన్నచోట నొక్కాను.
"వస్తాను. కుర్చీ నువ్వే ఉంచుకో,
నేను బకెట్టు బోర్లించుకుంటాను."
పంపాను.

టింగుమంది.
కొత్త ఉత్తరం, నాకే.

నకలుకి జవాబు రాస్తే
నకలు తీసుకున్నవాళ్ళకే చేరుతుందని
కీరన్ చెప్పలేదు. అతన్ననడానికేం లేదు,
నేను అడగలేదు.
దాన్ని తెరవలేదు.
చదవనివాటి నల్లటి లావు అక్షరాల్లో
పైన అలా ఉంది.

పన్నెండింటికి పాతది ఆగిపోయింది, చప్పుడేం లేదు.
పందొమ్మిదేళ్ళూ కుమ్మరిస్తే
కొత్త సంచీ నిండింది ఒక్క శాతమట.

పాస్‌వర్డు మర్చిపోకుండా
చిక్కుడు విత్తనాల పొట్లం వెనక పెన్సిలుతో రాసి
సొరుగులో పడేశాను.
వచ్చే మే నెలలో విత్తనాలు పెట్టాక
పొట్లం పారెయ్యకూడదు.
ఖాళీ పొట్లాలు పారేసే అలవాటు నాది.